వాసన అలవాటు కాకముందే

బోటులో పెట్రోలు వాసన వస్తోందా అని బోటు యజమానిని అడిగి లాభం లేదు. రోజూ ఆ బోటెక్కే మనిషికి అది వాసనలా అనిపించదు, బోటంటేనే అంత అనిపిస్తుంది. మన ముక్కు ఏ వాసననైనా కొద్ది నిమిషాలే పట్టించుకుంటుంది. ఆ తర్వాత వాసన ఉన్నా మనకు తెలియడం మానేస్తుంది. కొత్తగా ఎక్కిన చుట్టం "ఏందన్నా, పెట్రోలు వాసన కొడుతుంది గదా" అంటే, "బోటన్నంక రాదా మరి" అని నవ్వేస్తాడు యజమాని. ఆ ఇద్దరిలో చుట్టం మాటే నమ్మాలి.

భివండిలో ఉండే మనవాళ్లకు ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. కరీంనగర్ నుంచీ నల్లగొండ నుంచీ వరంగల్ నుంచీ తరాల కిందట వచ్చి పద్మానగర్‌లో, కామత్‌ఘర్‌లో స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాలు సాంచెల, అంటే మరమగ్గాల, మోత మధ్యే పిల్లల్ని పెంచాయి. ఊరి నుంచి వచ్చిన మేనత్తకు మొదటి రాత్రి కంటి మీద కునుకుండదు. ఇంట్లో వాళ్లకు మాత్రం సాంచెలు ఆగినప్పుడే మెలకువ వస్తుంది. మోతకు చెవి అలవాటు పడటం వల్లే అక్కడ బతుకు సాగింది. అలవాటు చెడ్డదని నేననను. అది బతకనిస్తుంది కూడా. అయితే పాడైపోతున్న వస్తువును మన కంటికీ ముక్కుకూ కనపడకుండా చేసేదీ అదే.

సాంచెల షెడ్డులో జాబర్‌ను, అంటే సాంచెలు సరిచేసే మనిషిని, చూడండి. అన్ని సాంచెల మోతలో ఒక్కదాని దెబ్బ తేడాగా పడితే తల తిప్పుతాడు. అతని చెవి మనకంటే గొప్పదేం కాదు. షటిల్‌ను కొట్టే పిక్కరు అరుగుతుందని అతనికి ముందే తెలుసు. కొత్తది పెట్టెలో ఉంచుకుంటాడు. పాతది విరిగేదాకా ఆగడు, ఎందుకంటే విరిగిన పిక్కరు ఖరీదు కంటే ఆగిన సాంచె ఖరీదు ఎక్కువ. అరిగే వస్తువు అరుగుతుందని ముందే ఒప్పుకోవడం అతని పనితనం. ఈ అధ్యాయమంతా ఆ ఒప్పుకోలు గురించే. దానికి నేను ఎంచుకున్న వస్తువు మాత్రం ఎవరూ తలుచుకోనిది: ఇంధనం పోసే నోటి నుంచి ట్యాంకు దాకా వెళ్లే రబ్బరు పైపు.

సాంచెల ఊళ్లో బోటు సంగతి ఎందుకంటారా? భివండి తాలూకాకు నీళ్లు కొత్త కాదు. కాల్హేర్, కశేలీ వైపు వెళితే ఉల్హాస్ ఖాడీ, అంటే సముద్రపు పాయ. చేపల పడవలు, ఇసుక పడవలు తిరిగిన నీళ్లవి. 2016 చట్టం ప్రకటించిన జాతీయ జలమార్గాల్లో 53వది, కల్యాణ్, ఠాణే, ముంబైలను కలిపేది, ఆ ఖాడీ మీదుగానే పోతుంది. మీకు బోటు లేకపోయినా టెంపో ఉంటుంది, లేదా షెడ్డు వెనక పాత జనరేటరు ఉంటుంది. అన్నిటిలోనూ ఉండేది ఆ రబ్బరే. బోటును ఎంచుకోవడానికి ఇంకో కారణం, తప్పు జరిగితే అక్కడే ఎక్కువ ప్రమాదం.

టెంపోలో పెట్రోలు కారితే రోడ్డు మీద పడుతుంది, ఆవిరి గాలికి పోతుంది. బోటు అడుగు గిన్నె. పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు కాబట్టి పైకి పోదు, ఆ గిన్నెలో దిగి కూర్చుంటుంది. గాలిలో ఆ ఆవిరి 1.4 శాతం చేరితే మండటానికి చాలు. 7.6 శాతం దాటితే మాత్రం గాలి చాలక మండదు. ఈ రెండు అంకెల మధ్య ఎక్కడున్నా సెల్ఫ్ మోటారు నుంచి లేచే చిన్న నిప్పురవ్వ చాలు. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా మండే ఆవిరి వదులుతుంది. అందుకే మన ఎండలకు అది ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది.

డీజిలు కొంత నయం. మన దేశంలో అమ్మే డీజిలు కనీసం 35 డిగ్రీల వేడి తగిలితే గాని మండే ఆవిరి ఇవ్వకూడదని ప్రమాణం. భివండి వేసవిలో ఇంజను గది వేడి ఆ 35 దాటడం పెద్ద విషయం కాదనుకోండి. డీజిలు తనంతట తాను అంటుకోకపోయినా, మరోచోట పుట్టిన మంటను పెంచుతుంది. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బరులో మంటలు లేచి పదుల కొద్దీ బోట్లు కాలాయి. దానికి పైపు కారణం కాదు. కానీ పక్కపక్కన కట్టిన బోట్లలో డీజిలు, వంట గ్యాసు సిలిండర్లు ఉండటంతో మంట ఒకదాని నుంచి ఇంకోదానికి పాకింది. ఒకరి బోటు ప్రమాదం రేవు మొత్తానిది అవుతుందని విశాఖ మత్స్యకారులకు ఆ రాత్రి తెలిసింది.

ఇక పైపు సంగతి. రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసి గట్టిపరిచే పద్ధతి 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్‌కు చిక్కింది. కానీ మామూలు రబ్బరు పెట్రోలులో ఉబ్బిపోతుంది. 1930ల్లో జర్మనీలో తయారైన నైట్రైలు రబ్బరు వచ్చాకే ఇంధనానికి నమ్మకమైన పైపు దొరికింది. పోసే పైపు లోపలి పొర అలాంటి రబ్బరుది. మధ్యలో నూలు అల్లిక, చాలా వాటిలో చుట్టలు తిరిగిన ఉక్కు తీగ, పైన ఎండకూ ఓజోనుకూ తట్టుకునే మరో పొర. పైపు మెత్తగా వంగాలని రబ్బరులో కలిపిన నూనె పదార్థాలను ఇంధనం మెల్లమెల్లగా కడిగేస్తుంది. అప్పుడది గట్టిపడుతుంది. గట్టిపడ్డ రబ్బరు కంపనానికి చీలుతుంది.

దీనికి తోడు మన పెట్రోలే మారింది. ఇథనాలు 20 శాతం కలిసిన పెట్రోలును 2023 ఫిబ్రవరిలో విడుదల చేశారు. 2025కల్లా దేశమంతా బంకుల్లో అదే మామూలైంది. పాత తరం రబ్బర్లు కొన్ని ఇథనాలుకు ఉబ్బుతాయి, మెత్తబడతాయి, ఎండాక ముడుచుకుంటాయి. ఇథనాలు నీటిని పీల్చుకుంటుంది కాబట్టి బోటుకు ఇంకో చిక్కు: పోసే మూత కింద రబ్బరు రింగు పాడైతే వాననీరు, ఖాడీ నీరు దిగి ట్యాంకు అడుగున చేరతాయి. పాత పైపు మార్చే రోజే ఆ రింగూ మార్చండి. దాని ఖరీదు టీ, వడాపావ్ ఖర్చంత.

నడవని యంత్రానికి ఈ బాధ లేదనుకోకండి. 2007 జనవరి 26న భివండిలో కరెంటు పంపిణీ టొరెంట్ పవర్ చేతికి వెళ్లింది. దేశంలో అలాంటి ఫ్రాంచైజీ పద్ధతికి అదే మొదలు. అంతకుముందు కోతల కాలంలో కొన్న జనరేటర్లు కొన్ని షెడ్ల వెనక ఏళ్ల తరబడి ఊరికే నిలబడ్డాయి. రబ్బరు వాడకపోయినా పాతబడుతుంది. పైపు వయసు ఇంజను తిరిగిన గంటలతో కాకుండా క్యాలెండరుతో లెక్కపెట్టాలి.

ఇప్పుడు అసలు మెలిక చెప్తాను. ఇంజనుకు ఇంధనం తీసుకెళ్లే పైపులో ఎప్పుడూ ఇంధనం ఉంటుంది. కారితే అడుగున మరక కనిపిస్తుంది. పోసే పైపులో ఇంధనం ఉండేది పోసేటప్పుడే. తర్వాత అది ట్యాంకులోకి దిగిపోతుంది, పైపు ఖాళీ. అంటే చీలిక కారేది మీరు పోసే ఆ రెండు మూడు నిమిషాల్లోనే. ఆ సమయంలో మీ కళ్లెక్కడుంటాయి? బంకు మీటరు మీద, లేదా క్యాను మూతి మీద. కిందికి ఎవరూ చూడరు. పోసే ఆయనకు డబ్బు లెక్క, పోయించుకునే ఆయనకు లీటర్ల లెక్క. మన బతుకులో చాలా తప్పులు ఇలాగే జరుగుతాయి. మనం చూడని చోట, మనం ఇంకోటి చూస్తున్న క్షణంలో.

కాబట్టి పరీక్ష కూడా ఆ క్షణంలోనే పెట్టాలి. ఒకరు పోస్తుంటే ఇంకొకరు టార్చితో కింద ఉండాలి. పెట్రోలు బోటయితే మామూలు చవకరకం టార్చి వద్దు. మండే ఆవిరి ఉన్న చోట వాడదగిన, రవ్వ రాని టార్చి కావాలి. అది లేకపోతే పగటిపూట తలుపులు తీసి చూడండి. పొడి కాగితపు రుమాలుతో పైపు రెండు కొసల చుట్టూ, కింది వంపు వెంట తుడవండి. తడి తగిలితే తీర్పు వచ్చేసినట్టే. పొడిగా వచ్చినా కాగితాన్ని బయటి గాలిలోకి తెచ్చి వాసన చూడండి. బోటు లోపల చూస్తే మీ ముక్కు మళ్లీ అబద్ధం చెప్తుంది. ఇంకా మంచిది, బోటెక్కని మనిషిని పిలిచి ఆ కాగితం ఇచ్చి అడగండి.

ఇంధనం పోయనప్పుడు చూసే గుర్తులు వేరు. బొటనవేలితో నొక్కితే పైపు లోపలికి దిగి మళ్లీ పైకి రావాలి. రాయిలా ఉంటే వయసు అయిపోయింది, జిగురుగా వేలికి అంటితే కుళ్లింది. వంపు దగ్గర సన్నని నెరియలు, క్లిప్పు పక్కన ఉబ్బు, తీగ బయటపడి తుప్పు మరకలు ఉంటే ఇక ఆలోచన అక్కర్లేదు. పైపు మీద అచ్చేసిన తయారీ సంవత్సరం చదవండి. చదవలేనంత మాసిపోయి ఉంటే అదే జవాబు.

కొనడానికి భివండిలో రబ్బరు పైపుల దుకాణాలున్నాయి. బోటు సరుకు కావాలంటే ముంబైలో నాగ్‌దేవి స్ట్రీటు. దారూఖానాలో ఓడల పాత సామాను దొరుకుతుంది గానీ, పాత ఓడ నుంచి తీసిన రబ్బరు మాత్రం కొనకండి. ఇత్తడి కొనండి, లంగరు కొనండి, రబ్బరు వద్దు. దుకాణంలో మొదట అడగాల్సింది కొలత. పైపు లోపలి వ్యాసం, ట్యాంకు మెడ బయటి వ్యాసం ఒకటే కావాలి. పోసే పైపుకు ఒకటిన్నర అంగుళం, అంటే 38 మిల్లీమీటర్లు, ఎక్కువగా కనపడే కొలత. పాత ముక్క పట్టుకెళితే వాదన ఉండదు. ముక్కను పెట్రోలుతో తడిసి ఉన్నట్టుగానే సంచిలో వేసుకుని లోకల్ ట్రైను ఎక్కకండి. రెండు రోజులు ఆరుబయట ఎండనివ్వండి.

రెండోది ముద్ర. బోటు పైపుల మీద ఏ1, ఏ2, బీ1, బీ2 అని అచ్చు ఉంటుంది. అది అమెరికా కోస్ట్ గార్డు పెట్టిన విభజన, ప్రపంచంలో చాలా చోట్ల వ్యాపారులు ఆ భాషే వాడతారు. ఏ అంటే రెండున్నర నిమిషాలు మంటలో నిలిచే పరీక్ష నెగ్గినది. బీకి ఆ పరీక్ష లేదు. 1 అంటే గోడ గుండా ఆవిరి తక్కువ జారేది, 2 అంటే ఎక్కువ జారేది. లోపల ఇంజను ఉన్న బోటుకు ఏ రకమే తీసుకోండి. రెండున్నర నిమిషాలంటే ఏపాటి అనిపిస్తుంది. బోటులో నలుగురు మనుషులు నీళ్లలోకి దూకడానికి పట్టే కాలం అంతకంటే తక్కువ. రేడియేటరు పైపు లావుగా, గట్టిగా, అచ్చం అలాగే కనిపిస్తుంది. దాన్ని వేడినీళ్ల కోసం చేశారు, పెట్రోలు తగిలితే ఉబ్బుతుంది. "ఇదే పెట్టుకో సేటూ, ఏం కాదు" అని అంటగట్టేవాళ్లు ఉంటారు. వాళ్ల బోటు ఎక్కడని అడగండి.

క్లిప్పులు నాలుగు కొనండి, ఒక్కో కొసకు రెండు. పట్టీ కనీసం అరంగుళం వెడల్పు, స్క్రూతో సహా స్టెయిన్‌లెస్. చాలా క్లిప్పుల్లో పట్టీ మెరుస్తుంది, లోపలి స్క్రూ మామూలు ఇనుము. ఖాడీ ఉప్పు ముందు దాన్నే తింటుంది. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్లి స్క్రూకు ఆనించండి. గట్టిగా అతుక్కుంటే తిరిగి ఇచ్చేయండి. ట్యాంకు నుంచి గాలి వెళ్లే సన్నపైపు కూడా అదే వయసుది కాబట్టి దాన్నీ అదే రోజు మార్చాలి. ఒక్కదాన్ని మార్చి రెండోదాన్ని వదిలేయడం మనకున్న జబ్బు.

పని రోజు. బోటును ఒడ్డున, మనుషుల పొయ్యిలకు దూరంగా కట్టండి. బ్యాటరీ వైరు ముందే, తలుపులు తెరవకముందే తీసేసే వీలుంటే మేలు. ఫోను ఒడ్డున పెట్టండి. పొడి చిమ్మే నిప్పార్పే సిలిండరు చేతికందేలా ఉండాలి. ట్యాంకు నిండుగా ఉంటే పైపు ఊడగానే చిందుతుంది. అలాగని పూర్తిగా ఖాళీ చేస్తే భద్రమనుకోవద్దు. ఖాళీ ట్యాంకులో మిగిలేది ఆవిరే, అది నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం. సగానికి దిగువన ఉంచి, పైపు తీయగానే మెడను మూసేయండి. ఇది మొదటిసారి అయితే, పైగా పెట్రోలు బోటయితే, ఈ పని చేసిన మెకానిక్ ఒకరు పక్కన ఉండి తీరాలి.

పాత పైపు మెడకు అతుక్కుపోయి ఉంటుంది. పట్టుకుని ఊపకండి. అల్యూమినియం ట్యాంకు మెడ అతుకు దగ్గర విరిగితే పైపు పని ట్యాంకు పనవుతుంది. పదునైన కత్తితో పైపు కొసను నిలువునా చీల్చి, అరటితొక్కలా తీయండి. కత్తి మొన మెడ లోహాన్ని గీరకూడదు. గీత మీద ఎంత మంచి క్లిప్పూ పట్టదు. తీగను చేతి కట్టరుతో తుంచండి. గ్రైండరు, కరెంటు రంపం, వేడిగాలి గన్ను ఆ రోజు బోటు చుట్టుపక్కలకు రాకూడదు.

పాత పైపును లాగేముందు దాని కొసకు తాడు కట్టండి. పైపు బయటికొస్తుంటే తాడు దాని దారిలో వెళుతుంది, అదే తాడుతో కొత్తది లాక్కోవచ్చు. కొత్త పైపు బిగుతుగా ఉంటే కొసను వేడినీళ్లలో ముంచి, సబ్బునీరు రాయండి. గ్రీజు వద్దు, నూనె వద్దు. మెడ చివరి ఉబ్బు దాటి రెండు క్లిప్పులూ పూర్తిగా కూర్చునేంత లోపలికి తొయ్యండి. దారిలో ఎక్కడా ఉయ్యాలలా కిందికి జారకూడదు. జారితే అక్కడ ఇంధనం నిలుస్తుంది, అక్కడే రబ్బరు ముందు చస్తుంది. క్లిప్పును రబ్బరు కాస్త ఉబికేదాకా బిగించి ఆపండి. కోసుకుపోయేలా బిగించడం బలం కాదు.

లోహపు మూత నుంచి ట్యాంకుకు వెళ్లే సన్న ఎర్తు తీగ ఉంటుంది. పోసేటప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు దాని ద్వారా దిగుతుంది. పాత బోట్లలో ఆ తీగను పైపుకూ మెడకూ మధ్య నొక్కి పైన క్లిప్పు వేసేస్తారు. అప్పుడు తీగ పక్కనే సందు, సందులోంచి ఇంధనం. తీగను స్క్రూతో విడిగా బిగించాలి.

అన్నీ అయ్యాక కొద్దికొద్దిగా పోసి, కాగితపు పరీక్ష మళ్లీ పెట్టండి. ఈ పరీక్షప్పుడు తప్ప, పెట్రోలు బోటుకు పోసేటప్పుడు తలుపులు మూసి ఉంచాలి, ఆవిరి కిందికి దిగకుండా. పోశాక అన్నీ తెరిచి, బ్లోయరు ఉంటే నాలుగు నిమిషాలు తిప్పి, అడుగు దగ్గర వాసన చూసి అప్పుడు స్టార్టు చేయాలి. వారం తర్వాత క్లిప్పులను మరోసారి సరిచూడాలి, కొత్త రబ్బరు కొంచెం సర్దుకుంటుంది.

చదువుతుంటే ఒక పూట పనిలా ఉంది. నిజానికి పైపు మార్చడం గంట పనే. మిగతాదంతా సీటు విప్పడం, పలకలు తీయడం, చెయ్యి దూరని చోట చెయ్యి దూర్చడం. ఏళ్లుగా వాయిదా పడేది డబ్బు వల్ల కాదు, ఆ చెయ్యి దూరని చోటు వల్ల. అందుకే ఈసారి విప్పినప్పుడు ఆ పలకలకు స్క్రూల మూతలు పెట్టించండి. రెండు చోట్ల, ట్యాంకు మెడ దగ్గర ఒకటి, పైన ఇంధనం పోసే మూత కింద ఒకటి. చూడటం తేలికైతే చూస్తారు. చూడటం కష్టమైతే ఎంత మంచి మనిషైనా చూడడు. మన మంచితనాన్ని నమ్ముకోవడం కంటే ఆ స్క్రూల మూతలను నమ్ముకోవడం మేలు.

చూడటం గురించే ఇంకో మాట. 2020 సెప్టెంబరు 21న తెల్లవారకముందే భివండి పటేల్ కాంపౌండులో మూడంతస్తుల జిలానీ బిల్డింగు కూలి దాదాపు 40 మంది చనిపోయారు. కారణాల లెక్క తేల్చేది నేను కాదు. కానీ ఆ తర్వాత కొన్నాళ్లు ఊళ్లో ప్రతివాళ్లూ తమ ఇంటి గోడలను కొత్తగా వచ్చిన అద్దెదారుల్లా తట్టి చూసుకున్నారు. ఆ చూపు ఎంతో కాలం నిలవదు. దాన్ని నిలబెట్టడం మనసు వల్ల కాదు, తారీకు వల్ల అవుతుంది. దసరాకు ఆయుధపూజలో సాంచెలకు బొట్టు పెట్టే రోజు మనకు ఎలాగూ ఉంది. ఆ రోజే బోటు పైపు, టెంపో పైపు, జనరేటరు పైపు నొక్కి చూసే రోజుగా పెట్టుకోండి. పసుపు రాసే చేతితోనే నొక్కండి.

కొత్త పైపు వేశాక దాని పక్కన పలక మీద తెల్ల పెయింటుతో నెల, సంవత్సరం రాయండి. తర్వాత ఆ బోటును నడిపేది మీ కొడుకో, కొనుక్కున్న ఇంకొకరో కావచ్చు. వాళ్లు చదవగలిగేంత పెద్ద అక్షరాలతో రాయండి.